గోడకు తగిలించిన బిళ్ళ

ఆ ఉదయం గని గేటు దగ్గర మైకులో ఒక్కటే నంబరు చదివారు. నూట పన్నెండు.

"నూట పన్నెండో బిళ్ళ హద్దు దాటింది. మూడు నెలలు గనిలోకి దిగకూడదు. ఆ మూడు నెలలకీ జీతం ఉండదు. పక్కకి జరుగు, వెనకవాళ్ళని రానీ."

చదివింది టైమ్‌కీపరు. తలెత్తి కూడా చూడలేదు. నంబరుకి మొహం ఉండదు కదా, చూడాల్సిన పనేముంది! ఆ నంబరు మోస్తున్న మనిషి మాత్రం గేటు కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు. పన్నెండేళ్ళుగా భూమి కింద డ్రిల్లు పట్టినవాడు. అందరూ డ్రిల్లరనే పిలుస్తారు. అన్నం తినేటప్పుడు కూడా అతని చేతులు సన్నగా అదురుతూనే ఉంటాయి.

ఆడవాళ్ళ వరసలోంచి అతని భార్య అరిచింది. "ఎంత దాటింది? ఎవరు కొలిచారు? ఏదీ, కాగితం చూపించు!"

"లేచిందిరా గయ్యాళి," అన్నాడు మేస్త్రీ నవ్వుతూ.

ఆ పేరు అతను పెట్టిందే. ఆరేళ్ళ కిందట, తాగే నీళ్ళ డ్రమ్ములో తుప్పు తేలుతోందని ఆమె నిలదీసినప్పుడు తిట్టుగా అన్నాడు. బెల్టు మీద పనిచేసే ఆడవాళ్ళు ఆ తిట్టుకి ఒక అక్కని తగిలించి గయ్యాళక్కని చేసేశారు. ఇప్పుడు సొంత పేరు పెట్టి పిలిస్తే ఆమే పలకదు.

అయితే ఆ రోజు ఆమెకి ఒళ్ళు మండింది మేస్త్రీ మీద కాదు, మొగుడి మీద. పదిమందిలో ఇంత అన్యాయం జరిగితే ఒక్క మాట అనడే! తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఇంటిదారి పట్టాడు.

దొంగే మరి. ఆ సంగతి ఆమెకి కాసేపయ్యాక గుర్తొచ్చింది.

అది ఎలాంటి దొంగతనమో చెప్పాలంటే ముందు రాయి గురించి చెప్పాలి. ఆ గనిలో దొరికేది పసుపురాయి. ఇసుకరాయి పొరల మధ్య పసుపుపచ్చగా, వేలితో గీస్తే రాలిపోయేంత మెత్తగా ఉంటుంది. చూడ్డానికి ఎంత ముద్దొస్తుందో! దాంట్లోంచే యురేనియం తీస్తారు. ఆ రాయి నుంచి కంటికి కనబడని కిరణాలు వస్తాయని, ఒంట్లోకి ఎక్కువ వెళితే మనిషి లోపల్నుంచి చెడిపోతాడని కంపెనీకి తెలుసు. అందుకే ప్రతి కార్మికుడికీ ఒక బిళ్ళ ఇచ్చారు. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ కవరు, లోపల చిన్న ఫిల్ము ముక్క. అది చొక్కాకి పెట్టుకుని దిగాలి. నెలకోసారి బిళ్ళలన్నీ పట్నం పోతాయి. ఫిల్ము ఎంత నల్లబడితే మనిషికి అంత తగిలినట్టు. హద్దు దాటితే మూడు నెలలు పని లేదు.

మూడు నెలలు పొయ్యిలో పిల్లి లేవదంటే ఎవరు ఒప్పుకుంటారు? అందుకని బిళ్ళని ఇంట్లో మేకుకి తగిలించి గనిలోకి దిగడం అలవాటు చేసుకున్నారు. బిళ్ళ తెల్లగా ఉంటే పని ఉంటుంది. మేస్త్రీకి ఇది తెలియక కాదు. "ఏరా, బిళ్ళ మర్చిపోయావా? మర్చిపో, మర్చిపో," అని కన్నుగీటేవాడు. కూలీలని తెచ్చే కాంట్రాక్టరుకి కావాల్సింది చేతులు, ఫిల్ములు కాదు. తన ఊపిరిని కొలిచే బిళ్ళని తానే దాచుకుని, ఆ తెలివికి తానే మురిసిపోయే జనం ఇంకెక్కడైనా ఉంటారా! ఉంటారు లెండి. ఆకలి ఎక్కడుంటే అక్కడ.

నూట పన్నెండో బిళ్ళ పట్నం పోయేదాకా ఆ నెలంతా ఇల్లు దాటలేదు. మరి హద్దెలా దాటింది?

ఈ ప్రశ్న గయ్యాళక్కని రోజంతా బెల్టు దగ్గర తొలిచేసింది. సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చేసరికి మొగుడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"నువ్వు ఇంట్లో తగిలించిన బిళ్ళే కదా అది?"

"మెల్లిగా మాట్లాడవే. బిళ్ళ పెట్టుకోలేదని తెలిస్తే మూడు నెలలు కాదు, మొత్తానికే పీకేస్తారు. ఎవరిదో బిళ్ళతో మారిపోయి ఉంటుంది. ఓపిక పడదాం."

ఆమె సమాధానం చెప్పకుండా లోపలికి వెళ్ళింది. లోపలి గది మూలన చాప మీద చిన్నది కూర్చుని ఉంది. ఆరేళ్ళ పిల్ల. గోడ వైపు తిరిగి, గోరుతో గీకి, ఆ వేలు నోట్లో పెట్టుకుంటోంది. దానికి మట్టి తినే అలవాటు. ఎన్నిసార్లు వీపు విమానం మోత మోగించినా మానలేదు. కడుపులో పురుగులుంటే అంతేనని పక్కింటి ముసలమ్మ మందు కూడా ఇచ్చింది.

కొట్టడానికి గయ్యాళక్క చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

పిల్ల తలకి జానెడు పైన మేకు ఉంది. బిళ్ళ వేలాడిన మేకు.

బిళ్ళని నల్లగా చేసింది ఈ గోడేనా! పిల్లని ఎత్తుకుని బయటికి పరిగెత్తుకొచ్చి పంపు దగ్గర నోరు కడిగింది, మళ్ళీ కడిగింది. పిల్ల ఏడుస్తుంటే తనూ ఏడ్చింది. ఎందుకేడుస్తోందో మొగుడికి అర్థం కాలేదు.

మర్నాడు పని మొదలవకముందే ఆమె బిళ్ళల గదికి వెళ్ళింది. ఆ గది చూసుకునేది బిళ్ళల తాత. ఒకప్పుడు గనిలో తట్టలు మోసినవాడే. దగ్గు ముదిరాక, దయ తలిచినట్టు, కంపెనీ అతన్ని ఈ గదిలో కూర్చోబెట్టింది. గోడకి పెద్ద చెక్క, చెక్క నిండా మేకులు, మేకుకో నంబరు. నెలాఖరున బిళ్ళలు తీసుకోవడం, పట్నం పంపడం, కొత్తవి ఇవ్వడం అతని పని.

"తాతా, బిళ్ళ ఎప్పుడైనా అబద్ధం చెప్తుందా?"

"దానికి అంత తెలివెక్కడిదమ్మాయ్? అబద్ధాలు మనుషులు చెప్తారు."

"అయితే నిజం చెప్తా విను. నూట పన్నెండు గనిలోకి దిగలేదు. మా ఇంట్లో, మా పిల్ల నెత్తిమీద వేలాడింది."

తాత చాలాసేపు దగ్గాడు. దగ్గు వచ్చి దగ్గాడో, మాట రాక దగ్గాడో. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"నాకు తెలుసమ్మా. గనిలోకి దిగిన బిళ్ళ కవరు మీద చెమట మరకలుంటాయి, పసుపు దుమ్ము ఇరుక్కుని ఉంటుంది. ఇంట్లో కూర్చున్న బిళ్ళ పెళ్ళికూతురులా మెరుస్తుంటుంది. చేత్తో పట్టుకుంటే చెప్పేస్తా, ఏది దిగిందో ఏది దిగలేదో. రెండేళ్ళుగా చూస్తున్నా. పట్నం నుంచొచ్చే లెక్కల్లో, హద్దు దాటకపోయినా, మెరిసే కవర్లలోని ఫిల్ములే ఎక్కువ నల్లబడుతున్నాయి. అన్నీ కాదు. పాత రేకుల షెడ్లలో ఉండేవాళ్ళవి తెల్లగానే వస్తున్నాయి. మీ కొత్త లైనువాళ్ళవే నల్లగా వస్తున్నాయి."

కొత్త లైను అంటే ఐదేళ్ళ కిందట కట్టుకున్న ఇళ్ళు. మిల్లులో పసుపురాయిని పిండి చేసి, సరుకు తీసేసుకున్నాక బూడిదరంగు ఇసుక మిగులుతుంది. అది కొండలా పేరుకుపోయింది. 'కార్మికులారా, ఈ ఇసుక మీకు ఉచితం, ఇళ్ళు కట్టుకోండి' అని మేనేజరు అదే మైకులో ప్రకటించాడు. రిబ్బను కూడా కత్తిరించాడు. జనం చప్పట్లు కొట్టారు. బండ్లతో, తట్టలతో, చివరికి సైకిళ్ళ మీద బస్తాలతో మోసుకుపోయారు. గోడలు దాంతోనే, గచ్చు దాంతోనే, మెత్తింది దాంతోనే.

"సరుకు తీసేశాక అది ఉత్త ఇసుకే అన్నారు కదా తాతా?"

"వాళ్ళకి కావాల్సింది వాళ్ళు తీసుకున్నారు. మిగతా విషమంతా ఇసుకలోనే ఉండిపోయింది. ఒక్క మాట ఆలోచించు. ఇంజనీర్ల క్వార్టర్లు కూడా ఆ ఏడాదే కట్టారు. గుమ్మం ముందు ఇసుక కొండ ఉంటే, వాళ్ళకి ఇసుక ఎక్కడి నుంచి వచ్చింది? నలభై మైళ్ళ అవతల ఏటి నుంచి, లారీల్లో."

"ఇంత తెలిసి నోరు మూసుకున్నావా?"

తాత తల దించుకున్నాడు. "పోయిన ఏడాది మేనేజరుకి చెప్పాను. నీ దగ్గుకి మందులు కంపెనీవే కదా అన్నాడు. అంతే అన్నాడు."

ఆమెకి అతన్ని కొట్టాలనిపించింది. మరుక్షణమే అతని కాళ్ళ మీద పడి ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. ఇంటికి వెళ్ళి, మేకు పక్కన గోడని రోకలితో పొడిచి, గుప్పెడు పెళ్ళ తీసి, క్యారియరు గిన్నెలో పెట్టుకుని పనికి వచ్చింది.

బెల్టు పని తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. గని నుంచి వచ్చిన రాళ్ళు రబ్బరు బెల్టు మీద నడిచి వస్తుంటాయి. అటూ ఇటూ ముప్పైమంది ఆడవాళ్ళు. మధ్యలో ఒక టిక్కు మిషను ఉంటుంది. వట్టి బండ దాని కింద నుంచి వెళితే ఊరుకుంటుంది. సరుకున్న రాయి వెళితే టిక్కు టిక్కుమంటుంది. అన్నప్పుడు ఆ రాయిని పట్టుకుని సరుకు పెట్టెలో వెయ్యాలి. ఏళ్ళ తరబడి విని విని, ఆ ఆడవాళ్ళకి చప్పుడుని బట్టే రాయి ఎంత మంచిదో తెలిసిపోతుంది.

గయ్యాళక్క గిన్నె తెరిచి తన గోడ పెళ్ళని బెల్టు మీద పెట్టింది.

అది మెల్లగా నడుచుకుంటూ వెళ్ళింది. మిషను కిందికి చేరింది. టిక్కు. టిక్కు టిక్కు. తర్వాత ఆ చప్పుళ్ళ మధ్య సందు లేకుండా పోయింది. మూకుడులో ఆవాలు చిటపటలాడినట్టు మోగింది.

మేస్త్రీ దూరం నుంచే ఉషారుగా కేకేశాడు. "అబ్బో, మంచి సరుకే! చూస్తారేం, పెట్టెలో వెయ్యండి!"

"అది రాయి కాదు మేస్త్రీ," అంది గయ్యాళక్క. "మా ఇంటి గోడ."

ముప్పైమంది చేతులు ఆగిపోయాయి. బెల్టు మాత్రం నడుస్తూనే ఉంది. ఎవరూ ఏరని రాళ్ళు చివరికంటా పోయి దబదబా కింద పడుతున్నాయి. ఒక బాలింత, ఇంకా పచ్చి ఒళ్ళు ఆరనిది, రొమ్ము మీద చెయ్యి వేసుకుని అలాగే కింద కూలబడింది. ఆమె బిడ్డ ఆ క్షణాన కొత్త లైనులో, ఆ గోడల మధ్య, ఉయ్యాల్లో నిద్రపోతోంది.

మేస్త్రీ నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. బెల్టు ఆపి, ఆ పెళ్ళ ఏదని వెతికాడు. గయ్యాళక్క దాన్ని అప్పటికే గిన్నెలో పెట్టి మూత వేసేసింది.

ఆదివారం పొద్దున పంపు దగ్గర మూడు వందలమంది చేరారు. మీటింగని ఎవరూ పిలవలేదు. బిందెలు తెచ్చినవాళ్ళు నీళ్ళు పట్టుకోకుండా నిలబడ్డారు. గయ్యాళక్క జరిగిందంతా చెప్పింది. తాత మెరిసే కవర్ల సంగతి చెప్పాడు, పడుతూ లేస్తూ, దగ్గుతూ.

ముందు ఎదురు తిరిగింది లారీ డ్రైవరు. మిల్లు ఇసుకని ఇళ్ళకి తోలింది అతని లారీయే. "ఉచితంగా వస్తే ఫినాయిలైనా తాగే రకం మనం. తాగాం. ఇప్పుడేం చేద్దామంటావక్కా? గోడలు మంచివి కావని మనమే చెప్తే, కూల్చేసి పొమ్మంటారు. పెళ్ళాం పిల్లలతో ఎక్కడ పడుకోవాలి? నీ నెత్తిమీదా?"

"పైగా బిళ్ళ ఇంట్లో పెట్టామని ఒప్పుకోవాలి," అన్నాడొక ముసలి కార్మికుడు. "అది నేరం. కంపెనీ రూలు పుస్తకంలో ఉంది. పీకెయ్యడం సరే, జైల్లో కూడా పెడతారు. మన తల మనమే రోట్లో పెట్టడమా?"

"తల రోట్లోనే ఉంది మామా, ఐదేళ్ళ నుంచీ," అంది గయ్యాళక్క. "పోటు పడుతున్న చప్పుడు ఇప్పుడు వినబడింది, అంతే. ఒక్క మాట వినండి. ఒక్కడు పోయి నేను బిళ్ళ దాచాను అంటే వాడు దొంగ. మూడు వందలమంది ఒక్కసారే చెప్తే? అది సాక్ష్యం. మన దగ్గర వేరే సాక్ష్యం లేదు. మనం చేసిన తప్పే మన సాక్ష్యం."

జనంలో గుసగుసలు. తలో మాట. ఎవరో "చెప్పడం తేలికే, పిల్లి మెడలో గంట కట్టేదెవరు?" అన్నారు.

అప్పుడు లేచాడు డ్రిల్లరు. ఆ రెండు రోజులూ పెళ్ళాంతో మాట్లాడనివాడు, ఇంట్లోకి పోకుండా గుమ్మంలోనే పడుకున్నవాడు.

"ఆ మూల గోడ నేనే మెత్తాను," అన్నాడు. "పిల్ల పడుకునే చోటు, చెయ్యి గీరుకుంటుందని రెండుసార్లు మెత్తాను. అందరికంటే నున్నగా ఉందని మీరే మెచ్చుకున్నారు కదా. ఈ చేతులతో..." చేతులు ముందుకు చాపాడు. అదురుతున్నాయి. "రేపు మొదటి మాట నేను చెప్తాను. రెండో మాట ఎవరు చెప్తారో మీరు చూసుకోండి."

ఆ తర్వాత ఇంకెవరూ పిల్లి సంగతి ఎత్తలేదు.

సోమవారం మొదటి షిఫ్టు సైరను మోగింది. మూడు వందలమంది గేటు ముందుకొచ్చి ఆగిపోయారు. చంకల్లో చాపలు, దుప్పట్లు. పిల్లలు, ముసలివాళ్ళు కూడా వచ్చారు. చేతుల్లో క్యారియర్లున్నాయి కానీ వాటిలో అన్నం లేదు.

మేనేజరు వచ్చాడు. అతనికంటే ముందే పోలీసు వ్యాను వచ్చి ఉంది. ఎవరు చెప్పారో వేరే చెప్పాలా!

డ్రిల్లరు ముందుకు నడిచి మైకు లాక్కున్నాడు. "నూట పన్నెండు నాది. నా బిళ్ళ గనిలోకి దిగలేదు. మా ఇంట్లో ఉంది. మా ఇంట్లోనే నల్లబడింది."

 గయ్యాళక్క గిర్రున జనం వైపు తిరిగింది. ఆ క్షణంలో ఎవరూ మాట్లాడకపోతే మొగుడు ఒంటరిగా మునిగిపోతాడు.

"అరవై నాలుగు!" అని అరిచింది జనంలోంచి ఒక గొంతు. "నాదీ దిగలేదు!"

"రెండు వందల ముప్పై!"

"పంతొమ్మిది!" ఆ గొంతు పంపు దగ్గర భయపడ్డ ముసలాయనది.

ఇక ఆగలేదు. టైమ్‌కీపరు ఇన్నేళ్ళూ తలెత్తకుండా చదివిన నంబర్లన్నీ ఒక్కొక్కటిగా నోరు తెరుచుకుని, మొహాలు పెట్టుకుని అతని ముందు నిలబడ్డాయి. ఈసారి అతను తలెత్తి చూశాడు. బిళ్ళల తాత చెక్కని మేకులతో సహా పీకి మోసుకొచ్చి గేటుకి ఆనించాడు.

మేనేజరు చెయ్యెత్తాడు. చదువుకున్నవాడు, గొంతు పెంచలేదు. "ఎవరో మిమ్మల్ని రెచ్చగొడుతున్నారు. మీ ఇళ్ళు పూర్తిగా క్షేమం. నేను హామీ ఇస్తున్నాను. వెళ్ళి పనిచేసుకోండి."

"సంతోషం సార్," అంది గయ్యాళక్క. కొంగుముడి విప్పి ఇంటి తాళంచెవి తీసింది. "మీ మాట మీద నమ్మకమే. ఇదిగో మా ఇంటి తాళం. ఒక్క నెల మీరూ, మీ అమ్మాయీ మా ఇంట్లో ఉండండి. లోపలి గది మూలన చాప వేసే ఉంది. ఆ నెలా మేం మీ క్వార్టరులో ఉంటాం."

తాళంచెవి చాపి పట్టుకుంది. మేనేజరు చెయ్యి తనకి తెలియకుండానే వెనక్కి పోయింది, నిప్పు చూసినట్టు.

అందరూ చూశారు. అతని హామీ ఎంతదో ఆ చెయ్యి చెప్పేసింది. ఆ తర్వాత తాళంచెవులు ఒకటొకటిగా అతని కాళ్ళ దగ్గర పడ్డాయి. క్యారియర్లు తెరుచుకున్నాయి. ఆఫీసు మెట్ల మీద గోడ పెళ్ళల కుప్ప లేచింది. లోపలున్న గుమాస్తాలు వెనక తలుపులోంచి జారుకున్నారు. గోడలు క్షేమమైతే పరుగెందుకో!

ఇన్‌స్పెక్టరు కాగితం తీసి చదివాడు. కంపెనీ ఆస్తి అయిన బిళ్ళలని దుర్వినియోగం చేసినందుకు, పని ఆపినందుకు అరెస్టు. డ్రిల్లరుని ఎక్కించారు. దగ్గుతున్న తాతని ఎక్కించారు. గయ్యాళక్కని జుట్టు పట్టుకుని లాగారు. చంకలోని పిల్ల జారిపోతుంటే లారీ డ్రైవరు ఒక్క ఉదుటున వచ్చి అందుకున్నాడు.

"దాన్ని మాత్రం ఆ ఇంటికి తీసుకెళ్ళకు అన్నా!" అని కేక పెట్టింది ఆమె.

"మేమెవరమూ వెళ్ళటం లేదక్కా," అన్నాడతను. పిల్లని చంకలోకి ఎత్తుకున్నాడు.

నిజమే. జనం కదల్లేదు. గేటు తోసుకుని లోపలికి నడిచారు. క్వార్టర్లలాగే ఏటి ఇసుకతో కట్టిన ఆఫీసు వరండాలో ఆ చివర నుంచి ఈ చివర దాకా చాపలు పరిచారు. బాలింత బిడ్డని గోడ పక్కన పడుకోబెట్టింది. రెండు రోజుల తర్వాత భయం లేకుండా పడుకోబెట్టింది.

వ్యాను కదలబోతోంది. కమ్మీల్లోంచి గయ్యాళక్క కళ్ళు పిల్ల కోసం వెతికాయి. చిన్నది డ్రైవరు చంక దిగి, వరండా గోడ దగ్గరికి నడిచింది. అలవాటు ఎక్కడికి పోతుంది? గోరుతో గోడ గీకింది. వేలు నోట్లో పెట్టుకుంది. మొహం చిట్లించి, వ్యాను వైపు తిరిగి గట్టిగా చెప్పింది.

"అమ్మా, ఈ గోడ బాలేదే. మనింటి గోడే బాగుంది."

 వ్యాను తలుపు వెయ్యబోతున్న కానిస్టేబులు చెయ్యి ఆగింది. అతనికీ పిల్లలున్నారేమో. అతని ఇల్లు ఏ ఇసుకతో కట్టారో అతను ఆ రోజు దాకా అడిగి ఉండడు.

రెండో సైరను మోగింది. గని నోరు తెరుచుకుని చూసింది. ఎవరూ లేవలేదు.